ఆషాఢంలో గిజిగాడు, పుష్యంలో బాతులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పెద్దపులి గురించే. ఒకరైతే "పులి తప్పకుండా కనిపించే తేదీ చెప్పండి" అని రాశారు. ముహూర్తాలు పెట్టేది పంతులుగారు, నేను కాదు. నేను దేవరకొండలో పెళ్ళి ఫోటోలు తీసే స్టూడియో మనిషిని. పెళ్ళిళ్ళు లేని రోజుల్లోనే నాకు పిట్టలూ జింకలూ. ఆషాఢమో పుష్యమో వచ్చిందంటే, మధ్యలో మూఢం పడిందంటే మా వృత్తిలో అందరూ దిగాలు పడతారు. నేను మాత్రం కెమెరా సంచి సర్దుకుంటాను. అందుకే నా జవాబుల్లో నల్లమల కన్నా చెరువుగట్లు, వ్యవసాయ బావులు, ఈతచెట్లు ఎక్కువగా కనిపిస్తాయి. పులికీ జవాబు ఉంది. దాని వంతు రానివ్వండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. పక్షుల ఫోటోలంటే పిచ్చి. ఇంట్లో పాత కెమెరా ఉంది. దానికి లక్ష రూపాయల పెద్ద లెన్స్ కావాలని రోజూ అన్నం దగ్గర అలుగుతున్నాడు. కొనమంటారా? (ఒక తల్లి, నల్లగొండ)

ఇప్పుడే వద్దమ్మా. అతను అడుగుతున్నది సిగ్మావాళ్ళో టామ్రాన్‌వాళ్ళో చేసే 150–600 మిల్లీమీటర్ల లెన్స్ (ఆ అంకె పెరిగేకొద్దీ దూరపు పిట్ట దగ్గరగా కనబడుతుంది) అయి ఉంటుంది. మంచి వస్తువే, కాదనను. కానీ దాదాపు రెండు కిలోల బరువు. పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా దాన్ని ఎత్తి పట్టుకోగలడో లేదో ముందు అతనికే తెలియాలి. హైదరాబాద్‌లో లెన్సులు రోజువారీ అద్దెకు దొరుకుతాయి. ఒక శని, ఆదివారాలకు తెప్పించి ఇవ్వండి. మీ ఊరి పక్కనే పానగల్ ఉదయసముద్రం ఉంది కదా, అక్కడికి పంపండి. సోమవారం భుజాలు పట్టేసిన తర్వాత కూడా అదే మాట మీద ఉంటే అప్పుడు ఆలోచిద్దాం.

ఈలోగా 55–250 గానీ, 70–300 గానీ వాడినది చవకగా చూడండి. కొనేముందు లెన్స్ వెనక నుంచి ఫోను టార్చి వేసి ముందు నుంచి చూడమనండి. గాజు లోపల సన్నని తెల్లటి పోగులు అల్లుకుని కనిపిస్తే అది బూజు. ఎంత తక్కువకు ఇచ్చినా వద్దు. కెమెరా బాడీ కూడా కొనాలనుకుంటే మాలాంటి పెళ్ళి ఫోటోగ్రాఫర్లు అమ్మేవాటితో జాగ్రత్త. పైకి మెరుస్తుంటాయి, షట్టర్ మాత్రం అరిగిపోయి ఉంటుంది. ఒక్క పెళ్ళికి వేలల్లో కొడతాం మేము, అందులో సగం తలంబ్రాల దగ్గరే. షట్టర్ లెక్క, అంటే ఆ కెమెరా ఇప్పటిదాకా ఎన్ని ఫోటోలు కొట్టిందో, చూపించనివాడి దగ్గర కొనకండి.

లెన్స్ మార్చే పనిలేని నికాన్ పి950 లాంటి కెమెరాలూ ఉన్నాయి. 83 రెట్ల జూమ్. చెరువు అవతలి గట్టు మీది పిట్ట ఏదో పోల్చుకునేంత దగ్గరగా చూపిస్తుంది. లోపలి సెన్సర్ చిన్నది కాబట్టి వెలుతురు తగ్గితే బొమ్మలో గరుకు తేలుతుంది. పక్షుల పేర్లు నేర్చుకునేవాడికి మాత్రం అంతకంటే మంచి బేరం లేదు.

ఒక మాట మీ అబ్బాయికి నేరుగా చెప్పండి. ఏప్రిల్, మే నెలల్లో పొద్దెక్కితే నేల వేడికి గాలి అలలాడుతుంది. ఆ గాలిలోంచి దూరపు పిట్టను తీస్తే లక్ష రూపాయల లెన్స్‌లోనైనా ఈకలు అలికినట్లే వస్తాయి. దానికి విరుగుడు ఏ దుకాణంలోనూ అమ్మరు. పెందలాడే లేవడమే.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను. నాకు కెమెరా లేదు. అమ్మ ఫోనుతో పక్షిని తీస్తే చుక్కంత వస్తోంది. ఏమి చేయాలి? (ఒక అమ్మాయి, గద్వాల)

పక్షిని కొన్నాళ్ళు వదిలెయ్ తల్లీ. ఫోను పుట్టింది దగ్గరి వాటి కోసం. తొలకరి పడ్డాక, ఆరుద్ర కార్తె ముందూ వెనకా ఎర్ర చెలకల్లోకి వెళ్ళి కూర్చో. నేలలోంచి ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి, వాన తడి తగిలాక తిండికీ జతకూ కొద్ది రోజులు మాత్రమే పైకి వస్తాయి. పురుగు అంటాం గానీ, కాళ్ళు లెక్కపెట్టు. ఎనిమిది ఉంటాయి. అది సాలీడుకు బంధువు.

ఇప్పుడు చిట్కా. ఫోనును తలకిందులుగా పట్టుకో. కెమెరా కన్ను కిందికి వచ్చి దాదాపు నేలకు తగులుతుంది. నిలబడి పై నుంచి తీస్తే ఎర్ర చుక్క వస్తుంది. నేల మట్టం నుంచి తీస్తే మఖమల్ కోటు తొడుక్కుని మట్టి గడ్డల మధ్య నడిచి వచ్చే జీవి కనిపిస్తుంది. తెర మీద దాని ముఖం దగ్గర వేలితో తట్టి, వెలుతురు గీతను కొంచెం కిందికి జరుపు. లేకపోతే ఆ ఎరుపు ముద్దగా అయిపోయి వెంట్రుకలు కనబడవు. అగ్గిపెట్టెలో వేసి ఇంటికి మాత్రం తేవద్దు. నీ స్నేహితులు తెస్తుంటే వాళ్ళకూ చెప్పు.

ప్రశ్న: మా బడి వెనక వ్యవసాయ బావి మీదికి వంగిన ఈతచెట్టుకు గిజిగాళ్ళ గూళ్ళు వేలాడుతున్నాయి. పిల్లలతో కలిసి ఫోటోలు తీయాలని ఉంది. గూళ్ళ దగ్గర తీయకూడదని ఎవరో అన్నారు. నిజమేనా? (ఒక ఉపాధ్యాయుడు, హాలియా)

నిజమే సార్. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అనే మాటకు ఇచ్చిన నిర్వచనం ఒకసారి చదవండి. చంపడం, పట్టుకోవడమే కాదు, తరమడం, ఎర వేయడం, పక్షుల గుడ్లనూ గూళ్ళనూ చెదరగొట్టడం కూడా అందులోకే వస్తాయి. గూడు బాగా కనబడాలని అడ్డంగా ఉన్న కొమ్మను పక్కకు కట్టేసే ఫోటోగ్రాఫర్లున్నారు. ఆ కొమ్మే కాకికీ గద్దకూ గూడు కనబడకుండా కాపాడుతున్న అడ్డు. ఫోటో తీసినవాడు ఇంటికి వెళ్తాడు, కాకి అక్కడే ఉంటుంది.

అయినా గిజిగాడి విషయంలో మీకు ఒక వెసులుబాటు ఉంది. గుడ్లు పెట్టకముందే చూడవలసిన తమాషా అంతా జరిగిపోతుంది. అది జరిగేది మా పెళ్ళిళ్ళు ఆగిపోయిన ఆషాఢంలోనే కాబట్టి నాకు ఈ పిట్టతో మంచి పరిచయం.

వానాకాలంలో మగపిట్ట నెత్తి పసుపు పచ్చగా, ముఖం నల్లగా మారుతుంది. అది వరి ఆకు మీదో పొడవాటి గడ్డి మీదో వాలి, అంచున ముక్కుతో గాటు పెట్టి, ఆ కొసను పట్టుకుని ఎగురుతుంది. ఆకు నిలువునా చీలి సన్నని పోగు దాని వెంట వస్తుంది. మీ పిల్లలకు మొదట చూపించవలసింది ఇదే. చాలామంది గూటి మీదే కళ్ళు పెట్టి దీన్ని చూడరు. ఆ పోగులతో ముందు ఒక కడియం అల్లుతుంది. తర్వాత దానికి పైకప్పు, ఒక వైపు గది. అలా కింద రెండు నోళ్ళున్న సగం గూడు తయారయ్యాక పని ఆపేసి, దానికే వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తూ అరుస్తుంది. అప్పుడు ఆడపిట్టలు గుంపుగా వస్తాయి, పెళ్ళిచూపులకు వచ్చిన మేనత్తల్లా. లోపలికి దూరి, పోగులు లాగి, గట్టిదనం చూసి, నచ్చకపోతే పక్క గూటికి వెళ్ళిపోతాయి. నచ్చిందా, ఒకటి ఉండిపోతుంది. మగపిట్ట అప్పుడు గుడ్ల గది మూసి, రెండో నోటి నుంచి కిందికి పొడవాటి గొట్టం దించుతుంది. అది పూర్తి కాగానే పక్కన ఇంకో గూడు మొదలుపెడుతుంది, ఇంకో ఆడపిట్ట కోసం.

అందుచేత మీ పిల్లలకు గుర్తు సులువు. సగం గూళ్ళు వేలాడుతున్నంత కాలం తీయవచ్చు. గొట్టాలు దిగాయంటే కెమెరా మూసి దూరం నుంచి చూడాలి.

గిజిగాళ్ళు గూళ్ళను ఎక్కువగా చెట్టుకు తూర్పు దిక్కునే కడతాయి. నైరుతి గాలికీ వానజల్లుకూ చెట్టే అడ్డం పడుతుంది. దాని వల్ల మనకూ ఒక లాభం. పొద్దున ఎండ సూటిగా గూళ్ళ మీదే పడుతుంది. సూర్యుణ్ని వీపు వెనక పెట్టుకుని, బావికి ఇవతల పాతిక అడుగుల దూరంలో కూర్చోండి. షట్టర్ వేగం 1/1600 సెకను కన్నా నెమ్మది చేయకండి, లేకపోతే రెక్కలు పొగలా వస్తాయి. పిట్ట వెంట కెమెరా తిప్పకుండా, ఒక సగం గూటి నోటి మీద ఫోకస్ పెట్టి ఉంచండి. అది తిరిగి అక్కడికే వస్తుంది. ఫ్రేములోకి బావి ఒర, మోటారు పైపు వస్తే రానివ్వండి. బావి లేకపోతే ఆ చెట్టు మీద ఆ గూళ్ళు ఉండేవా?

ఇంకొకటి. మన వైపు పాత బావులకు చాలా వాటికి పిట్టగోడ ఉండదు. పిల్లలను బావి దరికి పోనివ్వకండి. కళ్ళు కెమెరాలో పెట్టినవాడికి కాళ్ళు ఎక్కడున్నాయో తెలియదు.

తీతువు గుడ్ల సంగతి మాత్రం పూర్తిగా వేరు. దానికి గూడు లేదు. ఎండిన చెరువు నేల మీదో దున్నిన చేలోనో గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది, సాధారణంగా నాలుగు. మనం దగ్గరికి వెళ్తే తల్లి లేచి నెత్తి మీద తిరుగుతూ అరుస్తుంది. ఆ అరుపును ఫోటో తీస్తూ పది నిమిషాలు నిలబడితే మే నెల ఎండకు గుడ్లు అక్కడే ఉడికిపోతాయి. కడుపు ఈకలు నీళ్ళలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరిచే పిట్ట అది. తీతువు అరిచిందంటే వెనక్కి తిరగండి.

ప్రశ్న: మాది మక్తల్ దగ్గర కృష్ణా తీరం. జింకలు మందలుగా వచ్చి పత్తి మొలక, కంది మొలక మేసి పోతాయి. కర్ర ఎత్తితే కేసు. అది చాలదన్నట్లు ఆదివారం వస్తే ఫోటోలవాళ్ళు కార్లలో దిగుతారు. చేల మధ్య బాట మీద జింకలను కారుతో తరుముతారు, అడగకుండా చేలో దిగి తొక్కుతారు. జింక తిన్నది పోను మిగిలింది వీళ్ళు తొక్కుతున్నారు. మీవాళ్ళే కదా, ఏమంటారు? (ఒక రైతు)

మీ కోపం న్యాయమైనది పెద్దయ్యా. వాళ్ళు నావాళ్ళు కారు.

పై జవాబులో చెప్పిన నిర్వచనం ఇక్కడా పనికొస్తుంది. కృష్ణజింక చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు, అంటే అన్నిటికన్నా ఎక్కువ రక్షణ ఉన్న జాబితాలోది. కారుతో తరమడం వేట కిందికే వస్తుంది, చేతిలో తుపాకీ ఉన్నా కెమెరా ఉన్నా. ఈసారి బండి నంబరు రాసుకుని, మీ ఫోనులో వీడియో తీసి ఫారెస్టు రేంజి ఆఫీసులో ఇవ్వండి. పంట నష్టానికి అటవీ శాఖ నుంచి పరిహారం అడగవచ్చు. ఆ కాగితం వెంట ఎన్నిసార్లు తిరగాలో మీకు నేను చెప్పనక్కరలేదు. అయినా నష్టం జరిగిన రోజే ఫోటోలు తీసి పెట్టుకోండి, తినేసిన మొలక, గిట్టల గుర్తులు రెండూ కనబడేలా. తర్వాత వాన పడితే సాక్ష్యం ఉండదు.

ఇక మిగతాది కెమెరాలవాళ్ళకు. గాల్లోకి లేచిన జింక ఫోటోకు లైకులు ఎక్కువ వస్తాయి. చాలాసార్లు ఆ ఫోటో అంచు బయట ఒక కారు ఉంటుంది. కృష్ణజింక బెదిరినప్పుడు ఎగిరి దూకుతుంది. అంటే మీరు మెచ్చుకుంటున్నది దాని భయాన్ని. కడుపుతో ఉన్న ఆడజింకను ఎండలో పరుగెత్తించడం ఎటువంటి పనో ఆలోచించండి.

తరమకుండా ఎలా తీయాలి? నల్లటి ఒంటితో, మెలితిరిగిన కొమ్ములతో ఉండే మగజింక జతకట్టే కాలంలో తనకంటూ ఒక జాగా పెట్టుకుంటుంది. ఒకే చోట పేడ వేసి గుర్తు పెడుతుంది, కంటి కింది గ్రంథిని గడ్డిపరకలకు రాస్తుంది. ఆ పేడ కుప్ప కనిపెట్టారంటే సగం పని అయినట్లే, ఎందుకంటే అది అక్కడికి మళ్ళీ రావాలి. ముందురోజు సాయంత్రం రైతును అడిగి, బండి తారురోడ్డు మీదే వదిలి, తెల్లవారక ముందే గట్టు చాటున కూర్చోండి. జింకకు చూపే ఆయుధం. నిలబడ్డ మనిషిని చాలా దూరం నుంచి పట్టేస్తుంది. కూర్చుని కదలనివాణ్ని మాత్రం కొంతసేపటికి లెక్కచేయదు. మెడ ఎత్తి, మోర పైకి పెట్టి, కొమ్ములు వీపు మీదికి వాల్చి అది ఆడజింకల ముందు నడిచే నడక ఒకటుంది. దాని ముందు ఆ గెంతులు ఎందుకూ పనికిరావు.

నాకు ఇష్టమైన ఫ్రేము ఇంకొకటి ఉంది. ముందు మంచె మీద కాపలా కూర్చున్న మనిషి, వెనక దూరంగా జింకల మంద. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉంటారు. పోటీలకు పంపేవాళ్ళు మంచెను కత్తిరించేసి జింకలను మాత్రం ఉంచుతారు. ఎందుకు కత్తిరిస్తారో నాకు అర్థం కాదు. పెళ్ళి ఫోటోలో ఆడపిల్ల తండ్రిని ఎవరైనా కత్తిరిస్తారా? వెళ్ళిన చోట రైతుకు ఒక ప్రింటు తీసి ఇవ్వండి. పన్నెండు బై ఎనిమిది ప్రింటుకు ఖర్చు ఎంతో నాకు తెలుసు, మీ పెట్రోలు కన్నా చాలా తక్కువ.

ప్రశ్న: పోయిన నెల మీరు వేసిన గుడ్లగూబ ఫోటో అద్భుతం. ఆ చోటు లొకేషన్ పంపగలరా? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

పంపను. దీపావళి దగ్గర పడితే క్షుద్రపూజల కోసం గుడ్లగూబలను పట్టేవాళ్ళు తిరుగుతారు. వాళ్ళూ పత్రికలు చదువుతారు. మీరు కూడా ఫోను కెమెరాలో లొకేషన్ ఆపేసి తీయండి, ఫోటోతో పాటు ఆ చోటు వివరం కూడా దాక్కుని ప్రయాణం చేస్తుంది. గుడ్లగూబ, అలుగు (పాంగోలిన్), నక్షత్ర తాబేలు: ఈ మూడింటి ఫోటో ఎక్కడ పెట్టినా ఊరి పేరు రాయవద్దు. జిల్లా పేరు చాలు.

ప్రశ్న: అమ్రాబాద్ సఫారీకి రెండుసార్లు వెళ్ళాం. పులి కాదు కదా, దాని అడుగు కూడా కనబడలేదు. ఏ నెలలో వెళ్ళాలి? ఏ సెట్టింగులు పెట్టాలి? (ఒక ఉద్యోగి, కల్వకుర్తి)

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ 2,611 చదరపు కిలోమీటర్లు. అందులో మీ జీపు తిరిగింది ఫర్హాబాద్ గేటు నుంచి వెళ్ళే ఒక బాట. మిగతా అడవిలో పులి ఎక్కడైనా ఉండవచ్చు, ఉండే హక్కు దానికి ఉంది.

వానాకాలంలో, జూలై నుంచి సెప్టెంబరు దాకా, అడవి లోపలికి సఫారీ ఉండదు. అక్టోబరు నుంచి పచ్చదనం కళ్ళకు బాగుంటుంది, కెమెరాకు కాదు. గడ్డి నిలువెత్తు పెరిగి ఉంటుంది. ఫిబ్రవరి దాటాక టేకు, నల్లమద్ది ఆకులు రాలి అడవి పలచబడుతుంది, నీళ్ళు తగ్గుతాయి. అటవీ శాఖవాళ్ళు జంతువుల కోసం కట్టిన సాసర్ గుంటల్లో (పళ్ళెంలా లోతు తక్కువగా ఉండే నీటి తొట్లలో) నీళ్ళు నింపే కాలం అది. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో జంతువులు నీటికి రాక తప్పదు. ఎండకు మీరు తట్టుకోగలిగితే అదే సమయం.

అయితే ఈసారి కళ్ళతో కాదు, చెవులతో వెళ్ళండి. మీ జీపులో వచ్చే చెంచు కుర్రాడు మాట్లాడకుండా తల పక్కకు వంచాడంటే మీరూ మాటలు ఆపండి. కొండముచ్చు చెట్టు చివర నుంచి దగ్గినట్లు అరుస్తుంది, దుప్పి ఒక్కసారి పదునుగా కూస్తుంది. దుప్పి ఒకసారి కూస్తే అనుమానం. కణితి (సాంబార్ జింక) గంభీరంగా అరిచి, మళ్ళీ మళ్ళీ అదే దిక్కు నుంచి అరిస్తే చిరుతో పులో కదులుతోందని అర్థం. ఇంజను ఆపించి అక్కడే ఉండండి. నగరం వాళ్ళు ఆ సమయంలోనే చిప్స్ పొట్లం విప్పుతారు.

సెట్టింగులకు వస్తే, తెల్లవారుజామున వెలుతురు తక్కువ. ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచడానికి భయపడకండి, గరుకుగా ఉన్న ఫోటో పరవాలేదు, కదిలిపోయిన ఫోటో దండగ. ఫ్లాష్ మాత్రం సంచిలోంచి తీయవద్దు.

1931లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టిన సలీం అలీ తిరిగిన చోట్లలో ఈ అమ్రాబాద్ పీఠభూమి కూడా ఉంది. ఆయన పులి కోసం రాలేదు. మీరు రెండు సఫారీల్లో ఎన్ని రకాల పక్షులు చూశారో ఉత్తరంలో రాయలేదు. రాసి ఉంటే ఈ జవాబు ఇంకొంచెం పెద్దదయ్యేది.

శ్రీశైలం రోడ్డు గురించి కూడా ఒక మాట. మన్ననూరు, దోమలపెంట మధ్య రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా వాహనాలు ఆపుతారు. "గేటు దగ్గర బతిమాలి రాత్రి వెళ్తే చిరుత కనిపిస్తుందట కదా" అని ఇద్దరు రాశారు. రాత్రి రోడ్డు ఖాళీగా ఉంటుంది కాబట్టే అది కనిపించేది. మీరు వెళ్తే ఖాళీగా ఉండదు. పగలు వెళ్ళినప్పుడు దారిలో కోతులకు అరటిపళ్ళు వేసి ఫోటోలు తీయడం కూడా మానండి. ఆ పళ్ళ కోసం అవి టైర్ల కిందికి వస్తున్నాయి.

ప్రశ్న: దసరా రోజు మా వీధిలోకి ఒకతను పాలపిట్టను పంజరంలో పెట్టుకుని వస్తాడు. చూసి దండం పెట్టుకుని డబ్బులిస్తాం. దగ్గరగా స్పష్టమైన ఫోటో వస్తుంది. బయట అయితే పిట్ట ఎప్పుడూ కరెంటు తీగ మీదే కూర్చుంటుంది, ఫోటో అందంగా ఉండదు. పంజరంలోది తీస్తే తప్పేమిటి? (ఒక గృహిణి, మహబూబ్‌నగర్)

తప్పు ఫోటోది కాదు చెల్లెమ్మా, ఆ పది రూపాయలది. పండుగకు ముందే వలవేసి పట్టి, ఎగరకుండా రెక్కలు కట్టి, తిండి సరిగా పెట్టకుండా ఊరూరా తిప్పుతారు. పండుగ అయ్యేసరికి చాలా వాటిలో ఎగిరే సత్తువ మిగలదు. మన రాష్ట్ర పక్షి అది. దాన్ని పట్టడం, పంజరంలో పెట్టడం నేరం. దసరాకు పాలపిట్టను చూడాలన్నది ఊరి పొలిమేర దాటి, చేలవైపు నడిచి, ఎగిరేదాన్ని చూడడం. మన దగ్గరికి తెప్పించుకుని చూడడం కాదు. వచ్చే దసరాకు ఆ పంజరం వస్తే ఫోటో తీసి అటవీ శాఖకు పంపండి. ఆ ఫోటోకు మాత్రం నేనే సరైన సెట్టింగులు చెప్తాను.

ఇక కరెంటు తీగ. తీగ మీద కూర్చోవడం దాని వేట పద్ధతి. అక్కడి నుంచి నేల మీది మిడతలనూ పేడపురుగులనూ కనిపెడుతుంది, దిగి పట్టుకుంటుంది, చాలాసార్లు అదే చోటికి తిరిగి వస్తుంది. కూర్చున్నప్పుడు మట్టిరంగు పిట్ట. రెక్క విప్పినప్పుడే ఆ లేత నీలం, ముదురు నీలం పట్టీలు. కాబట్టి కూర్చున్నదాన్ని తీసి సంతోషపడకండి. ఎండ మీ వెనక ఉండేలా నిలబడి, షట్టర్ 1/2000 పెట్టి, తీగ మీద అది ఉన్న చోటే ఫోకస్ ఉంచి, కుడి ఎడమల ఖాళీ వదిలి వేచి ఉండండి. ఎగరబోయే ముందు తల కిందికి వంచి నేలను చూస్తుంది, ఒళ్ళు ముందుకు వాలుతుంది. అప్పుడు నొక్కండి. దిగిన తర్వాత నొక్కితే ఆలస్యమే.

తీగ ఫోటోలో ఉంటే ఉండనివ్వండి. మన పాలపిట్ట మన కరెంటు తీగ మీద కూర్చుంటుంది. కంప్యూటర్‌లో తీగను చెరిపేసి పిట్టను గాల్లో కూర్చోబెట్టిన ఫోటోలు నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. వాటిలో పిట్టకు ఏ ఆధారమూ లేదు, ఆ ఫోటోలకూ అంతే.

ప్రశ్న: తెల్ల కొంగను తీస్తే ఈకలు లేకుండా తెల్లటి మచ్చ వస్తోంది. కెమెరా చెడిందా? (డిగ్రీ విద్యార్థి, సూర్యాపేట)

చెడలేదు. వెనక పచ్చటి వరి చూసి కెమెరా మొత్తం చీకటిగా ఉందనుకుంటుంది, వెలుతురు పెంచుతుంది, కొంగ మాడిపోతుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను (కెమెరా లెక్కగట్టిన వెలుతురును మనం పెంచి తగ్గించే సెట్టింగును) ఒక స్టాపు తగ్గించి, అంటే వెలుతురు సగానికి దించి, తీయండి. ఫ్రేమంతా కొంగే నిండితే మాత్రం తగ్గించకూడదు, అప్పుడు కెమెరా ఉల్టాగా తప్పు చేసి తెలుపును బూడిదరంగు చేస్తుంది.

కొంగ కోసం చెరువుకు వెళ్ళనక్కరలేదు. నాట్లకు ముందు కేజ్ వీల్స్ (బురదలో దిగబడని ఇనుప చట్రం చక్రాలు) బిగించిన ట్రాక్టరు మడిని కలియదున్నుతుంటే వెళ్ళండి. పైకి లేచే పురుగుల కోసం కొంగలు, గోరింకలు, ఏట్రింతలు, పైన గద్దలు చక్రాల వెంటే పడతాయి. ట్రాక్టరుకు అవి భయపడవు. డ్రైవరును అడిగి మడ్‌గార్డు మీద ఒక చుట్టు కూర్చున్నారంటే అంత దగ్గరగా ఏ లెన్సూ తీసుకుపోలేదు. కెమెరాకు పాలిథిన్ సంచి తొడగండి. మీకు తొడగడానికి ఏమీ లేదు, బురద తప్పదు.

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో వలస పక్షుల కోసం ఎక్కడికి వెళ్ళాలి? (వనపర్తి)

దగ్గర్లో ఏ పెద్ద చెరువు నిండి ఉంటే అక్కడికి. జూరాల, కోయిల్‌సాగర్, డిండి, ఉదయసముద్రం, ఏదైనా సరే. పుష్యమాసం కదా, నేనూ ఎక్కడో ఒక చోట ఉంటాను. తల వెనక రెండు నల్ల చారలుండే పెద్ద బాతులు హిమాలయాలు దాటి వస్తాయి. అవి రాత్రి చేలల్లో మేసి, పగలు నీళ్ళ దగ్గర విశ్రాంతి తీసుకుంటాయి. తెల్లవారుతుండగా బారులుగా తిరిగి వచ్చి దిగేటప్పుడు తీయాలి. గట్టు మీద నిలబడకండి, ఆకాశం ముందు మీ ఆకారం కనబడగానే మొత్తం గుంపు లేస్తుంది. జాలరుల పుట్టిని మాత్రం అవి పట్టించుకోవు, రోజూ చూసేదే కాబట్టి. మీరు వెళ్ళిన మొదటిరోజు అలాంటి మన్నన ఆశించకండి.

ప్రశ్న: ట్రైపాడ్ మోయలేను. లెన్స్ కదలకుండా కింద పెట్టుకునే బీన్ బ్యాగ్ సంచి ఇంట్లో కుట్టుకోవచ్చా? అందులో ఏమి నింపాలి? (యాదగిరిగుట్ట)

కుట్టుకోవచ్చు. పాత జీన్స్ ప్యాంటు కాలు ఒక జానెడున్నర కత్తిరించి, ఒక వైపు కుట్టేసి, రెండో వైపు జిప్పు పెట్టించండి. మూడు వంతులు మాత్రమే నింపాలి, పూర్తిగా బిగిస్తే లెన్స్ జారుతుంది. ఇసుక బరువు, పైగా కెమెరాలోకి దూరుతుంది. థర్మోకోల్ గుండ్లు తేలిక, గాలికే కదులుతాయి. జొన్నలు సరిగ్గా సరిపోతాయి. దూరం వెళ్ళేటప్పుడు ఖాళీ సంచి తీసుకుపోయి అక్కడి కిరాణా కొట్టులో నింపుకుని, వచ్చేటప్పుడు ఎవరికైనా ఇచ్చేయవచ్చు. ఉలవలు వద్దు. ఒక్క వాన తడిస్తే మూడో రోజుకు జిప్పులోంచి మొలకలు వస్తాయి.